మిషనుతో మాట్లాడిన మా బావ

మా బావ ధర్మవరంలో ఎలక్ట్రీషియన్. తన గృహప్రవేశానికి ఇంటికొచ్చి పిలవకుండా ఫోన్లో చెప్పి సరిపెట్టాడు. నేను వెళ్లలేదు. ఆనాటి నుంచి మా మధ్య మాటల్లేవు.

హిందూపురంలో నా అంగట్లో ఉన్న పాత పిన్‌బాల్ ఆట మిషనులో, ఇనుప గుండు తగిలినా స్కోరు అంకెలు తిరగడం మానేశాయి. నా భార్య వాళ్ల అన్నను, అంటే మా బావనే, పిలిపించింది. ఆయన మిషను వెనక కూర్చున్నాడు. ముందు నిలబడి గుండు వదిలే పని నాది.

"గుండు వదలమని చెప్పప్పా," అన్నాడు మిషనుతో.

"వదిలినానని చెప్పు," అన్నాను నేనూ దానితోనే.

"ఈ స్విచ్చి చూడు, పిలిచినా కదలకుండా బిగుసుకోని ఉండాది, కొందరి మాదిరి."

"పిలిచే తీరున పిలిస్తే కదుల్తాదని చెప్పు."

మాట్లాడకుండా ఉండటం ఎంత అలసటో ఆ మధ్యాహ్నమే తెలిసింది. చివరికి అంకెలు తిరిగాయి. ఆయన మిషనును తట్టి, "మళ్లీ చెడిపోతే పిలవమని చెప్పు," అని వెళ్లిపోయాడు.

ఏళ్లు గడిచాయి. ఆ పాడు మిషను ఒక్కసారీ చెడిపోలేదు.