బండ మీది మొదటి ముక్క

నా చిన్నప్పుడు ఈ గుట్టల మీద రాబందులు తిరిగేవంటే మా ఊరి పిల్లలు నమ్మరు. మొన్న ఎండాకాలం గుట్ట కింద చిరుత ఒక దూడను చంపింది. చిరుత తిరిగొచ్చి తింటే చావాలని, మిగిలిన కళేబరం మీద పోయడానికి పురుగుల మందు డబ్బా పట్టుకొని నలుగురు కుర్రాళ్ళు బయలుదేరారు. వద్దని అడ్డంపోతే, "నీకేం పోతదే తాతా, దూడ నీదా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం పోతుందో నాకు తెలుసు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయి. మా పాలమూరు పల్లెల్లో ఆసామి ఇంట పశువు చస్తే దాన్ని తీసుకుపోవడం మా వాడవాళ్ళ పని, హక్కు కూడా. తోలు చెప్పులకు, కూర, అంటే మాంసం, మా కడుపులకు. అది తింటామని మమ్మల్ని ఈసడించుకున్నవాళ్ళే ఆ తోలు చెప్పులు తొడుక్కొని తిరిగారు. ఈ సంగతి ఎవరూ రాయరు. బడి మొహం చూడనివాణ్ణి, కిరాణా పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని నేర్చుకున్న అక్షరాలతో నేనే రాస్తున్నాను.

ఆ ఏడు వానల్లేవు. మూడు రోజులుగా ఇంట్లో గంజి తప్ప మరొకటి లేదు. ఆసామి దూడను చిరుత కొట్టి, సగం తిని వదిలిపోయిందని తెలిసి తెల్లవారగానే మా తాతయ్య కత్తి, గోనెసంచి తీసుకొని గుట్టకు నడిచాడు. నేను వెంటపడ్డాను.

తాతయ్యకు ఒక పద్ధతి ఉండేది. తోలు తీసే ముందు ఒక ముక్క కోసి దూరంగా బండ మీద పెట్టేవాడు. రాబందు దిగి, తిని, మళ్ళీ ఎగిరిపోవాలి. అప్పటిదాకా మేమెవరమూ కూర ముట్టరాదు. నాకు ఏడుపొచ్చింది.

"అది తినేదాక మనం సావాల్నా?"

"జర ఓపిక పట్టు బిడ్డా. గీ జాగ దానిది. మనం చుట్టపు చూపుకొచ్చినం" అని ఆయన నిప్పు రాజేసి చుట్ట ముట్టించుకున్నాడు.

ఆయన అటు తిరిగి కూర్చోగానే నేను కత్తితో చిటికెడంత ముక్క తెంపుకున్నాను. రెండు నిప్పుకణికలు పెంకులో వేసుకొని గుండురాయి చాటుకు పోయి, పుల్లకు గుచ్చి కాల్చాను. అంతలో రాబందు దిగింది. బండ మీది ముక్క మింగింది. ఎగరలేదు. తాతయ్య రెండో చుట్ట కూడా కాల్చాడు. అది నాలుగడుగులు నడిచి, ఒక రెక్క నేలకేసి ఈడ్చి, మెడ వెనక్కి విరుచుకొని పక్కకు ఒరిగిపోయింది.

తాతయ్య లేచి నిలబడి నాకోసం చూశాడు. నా చేతిలో పుల్ల ఉంది. ముక్క పెదవులకు తగులుతోంది.

ఆయన పరుగున వచ్చి చెంప మీద కొట్టాడు. నన్ను ఆయన కొట్టింది ఆ ఒక్కసారే. నోట్లో వేళ్ళుపెట్టి గీరాడు, సొరకాయ బుర్రలోని నీళ్ళన్నీ నాచేత పుక్కిలింపజేసి ఉమ్మించాడు. "మింగినవా? నిజం జెప్పు, మింగినవా?" అని అడుగుతూనే ఉన్నాడు. లేదని తలూపినా నమ్మలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా నా తల ఒళ్ళో పెట్టుకొని నా కనురెప్పలనే చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత రాబందును గోనెసంచిలో వేసుకొని ఆసామి వాకిట్లో కుమ్మరించాడు. ఆసామి అరుగు మీద నుంచి లేవకుండానే, "చిరుతకని విషముష్టి గింజల పొడి చల్లిచ్చినరా. మీరు యాదికే రాలే" అన్నాడు.

"మీ పల్లిచేన్ల వడే అడివిపందులను గూడ గా చిరుతనే తింటది దొరా. ఒక్క దూడ కోసం దాన్ని జంపవోతే నా మనవడు సచ్చేటోడు. మీకు యాదికి రాకున్నా గీ పక్షి మమ్ముల కాపాడింది" అన్నాడు తాతయ్య. ఊళ్ళో ఎవరూ ఆసామితో అలా మాట్లాడి ఎరగరు.

ఆ సాయంత్రం గుంత తవ్వి దూడను తోలుతో సహా పూడ్చాడు. పక్కనే చిన్న గుంతలో, తిరిగి మోసుకొచ్చిన రాబందును పెట్టాడు. రాత్రికి మళ్ళీ గంజే.

మొన్న ఎండాకాలం చచ్చిన దూడ పక్కన రాయి మీద కూర్చొని ఇదంతా ఆ కుర్రాళ్ళకు చెప్పాను. అటవీశాఖ వాళ్ళకు కబురంపి, వాళ్ళు వచ్చేదాకా కదలలేదు. కుర్రాళ్ళు డబ్బా మూత తీయకుండానే వెళ్ళిపోయారు. నమ్మి పోయారో, ముసలోడితో పంచాయితీ ఎందుకని పోయారో నాకు తెలియదు.

రాబందులు ఇప్పుడు మా గుట్టల మీద లేవు. ఇంట్లో కూర వండిన రోజు మొదటి ముక్క గోడ మీద పెడతాను. కాకి వస్తుంది. అది తిని, ఎగిరి, కనుమరుగయ్యేదాకా నా చెయ్యి కంచంలోకి పోదు.