కాబోయే అల్లుడి బూట్లు

తెనాలి నుంచి ఏ వైపు చూసినా కొండ కనపడదు. ఇటు బాపట్ల దాకా వరి, అటు రేపల్లె దాకా వరి, ఆ పైన సముద్రం. అలాంటి చోట కొండలెక్కేవాళ్లకి సామాను అమ్మే షాపు పెట్టారంటే మొదట నేనూ నవ్వాను. నేను గుమాస్తాగా చేసిన రైసు మిల్లు మూతపడ్డాక ఆ నవ్వు ఆగిపోయి, అదే షాపులో బూట్ల దగ్గర పనికి చేరాను. అక్కడ పనిచేసేవాళ్లంతా నా కూతురి ఈడువాళ్లు. వాళ్లతోపాటు నాకూ నారింజ రంగు టీషర్టు ఇచ్చారు. యాభై దాటాక, పొట్ట మీద బిగుసుకునే ఆ టీషర్టుతో నలుగురిలో నడవడం ఎలా ఉంటుందో వేసుకున్నవాడికే తెలియాలి. రేపల్లె నుంచి రైల్లో వచ్చేటప్పుడు పైన పాత చొక్కా తొడుక్కునేవాణ్ణి, ఎండాకాలంలో కూడా.

కొండలు లేకపోయినా బేరాలకి లోటు లేదు. టెంట్లు రొయ్యల చెరువులవాళ్లు కొంటారు, కాపలాకి. తలకి తగిలించుకునే లైట్లు పిట్టలవానిపాలెం రైతులు పట్టుకెళతారు. కాకుమాను నుంచి వచ్చిన ఒక పెద్దాయన, షాపులో వేసి ఉంచిన టెంటులో దోమలు దూరతాయో లేదో చూస్తానని లోపలికి వెళ్లి, ఏసీ చల్లదనానికి గుర్రుపెట్టాడు. లేపడానికి మాకెవరికీ మనసొప్పలేదు.

బూట్లకి మాత్రం ఒక పద్ధతి ఉంది. కొనేవాళ్లని స్టూలు మీద కూర్చోబెట్టి, మేం మోకాలి మీద కూర్చుని బూటు తొడగాలి. లేసులు కట్టి, ముందువైపు బొటనవేలితో నొక్కి, వేళ్లకి చోటుందో లేదో చూడాలి. తర్వాత వాళ్లని చెక్కతో చేసిన చిన్న గుట్ట మీద ఎక్కించి దింపాలి. తెనాలి మొత్తానికి ఉన్న కొండ అదొక్కటే. నా వయసు చూసి కొందరు పిల్లలు 'అయ్యో, వద్దు బాబాయి' అని కాళ్లు వెనక్కి లాక్కునేవారు. కాలు తగిలితే నా భుజం తాకి కళ్లకద్దుకునేవారు. కొందరు ఫోను చూసుకుంటూ కాలు చాపేవారు. నాకు ఈ రెండోవాళ్లే నయమనిపించేది. వాళ్లకి నేను కనపడను కాబట్టి.

మా అమ్మాయికి బాపట్ల సంబంధం కుదిరింది. పెళ్లిచూపుల నాడు మా బావమరిది నా గురించి 'స్పోర్ట్స్ కంపెనీలో చేస్తున్నారండి' అని ఘనంగా చెప్పాడు. నేను కాదనలేదు. మిక్చరు ప్లేటు వైపు చూస్తూ కూర్చున్నాను. ఏ కంపెనీ, ఏం పని అని వాళ్లూ అడగలేదు. గండం గడిచిందనుకున్నాను.

ఒక ఆదివారం ఆ పెళ్లికొడుకు ముగ్గురు స్నేహితులతో మా షాపులోకి వచ్చాడు. నేను అప్పుడు ఎవరివో బూట్లు పెట్టెలో సర్దుతున్నాను. పక్కకి తప్పుకుందామంటే దారి లేదు. అతను నన్ను చూసి నవ్వుతూ ఇటే వచ్చాడు. అతను నోరు తెరిచేలోపే నేనే అన్నాను.

"రండి సార్. ఏ సైజు కావాలండి?"

అతని నవ్వు అక్కడే ఆగింది. నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, స్టూలు మీద కూర్చున్నాడు.

"తొమ్మిదండి," అన్నాడు.

నేను మోకాలి మీద కూర్చున్నాను. అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. "నేను వేసుకుంటానండి" అన్నాడు మెల్లగా. మా మేనేజరు చూస్తున్నాడని సాకు చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి అది కాదు. వద్దనిపించుకుంటే నేనెవరో బయటపడుతుందని భయం. మడమ పట్టుకుని కాలు ముందుకి లాగాను.

వెనకనున్న స్నేహితుడు హుషారుగా ఉన్నాడు. "మంచివి చూడండి బాబాయ్. మావాడికి పెళ్లి కుదిరింది. పెళ్లికి ముందు ఇదే ఆఖరి కొండ."

"అలాగాండి. శుభం," అన్నాను లేసు కడుతూ.

"అమ్మాయిది రేపల్లెంట. మీకేమన్నా తెలుసేమో."

"లేదండి," అన్నాను.

నా చేతుల్లో ఉన్న ఆ కాలు బిగుసుకుపోవడం నాకు తెలిసింది. తల ఎత్తలేదు. అతను గుట్ట ఎక్కి దిగాడు. బాగున్నాయన్నాడు, తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. నేను ఖాళీ పెట్టె మూత పెట్టడంలో మునిగిపోయినట్టు నటించాను. సాయంత్రం రైల్లో, ఈ సంబంధం పోయినట్టే అనుకున్నాను. బూట్లు తొడిగేవాడి కూతుర్ని ఎవరు చేసుకుంటారులే అని అతన్నే తిట్టుకున్నాను, పాపం.

మర్నాడు పొద్దున అమ్మాయి నా క్యారేజీ సర్దుతూ అడిగింది.

"నిన్న అతను మీ షాపుకొచ్చాడంట కదా నాన్నా."

"ఊఁ."

"తెలియనట్టే ఉన్నావంట. నీకీ సంబంధం ఇష్టం లేదేమోనని అడుగుతున్నాడు. లేకపోతే ఇప్పుడే చెప్పెయ్యమంటున్నాడు."

"ఇష్టం లేకపోవడమేంటమ్మా. నా ఉద్యోగం ఏంటో చూశాక వాళ్లే వద్దంటారనుకున్నా."

"నువ్వు బూట్లు తొడుగుతావని చూపులనాడే చెప్పాను నేను. వాళ్లమ్మగారికీ తెలుసు. నిన్న స్నేహితుల్ని అక్కడికి తీసుకొచ్చిందే నిన్ను చూపించడానికి. ముందు చెప్పకుండా, మా మావయ్యగారు ఈయనే అని అక్కడే చెబుదామనుకున్నాడంట."

క్యారేజీ మూత బిగించి, నా వైపు చూడకుండానే అంది. "నీ పని గురించి చెప్పడానికి నాకేమీ అనిపించలేదు నాన్నా. నీకే అనిపించింది."

ఇన్నేళ్లలో ఎవరు తిట్టినా అంత తలవంపుగా లేదు. టీషర్టు వేసుకున్నందుకు, మోకాలి మీద కూర్చున్నందుకు ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాను. పడాల్సింది వాటికి కాదు. నా కూతురు తలెత్తుకుని చెప్పినదాన్ని నేను నలుగురి ముందు కాదన్నాను. ఆ నలుగురిలో ఒకడు నన్ను సొంతం చేసుకుందామని వచ్చినవాడు.

వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. "ఫోన్ చేసి మాట్లాడండి. రేపు పెళ్లి పీటల మీద కడగరా ఏంటి ఆ కాళ్లు? అప్పుడు లేని నామోషీ ఇప్పుడెందుకు?"

రేపల్లె స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఫోన్ చేశాను. ఏమనాలో నడుస్తున్నంతసేపూ కూర్చుకున్నాను. తప్పయిపోయింది బాబూ అనాలి. నువ్వంటే మాకు ప్రాణం అనాలి. రెండు రింగులకే ఎత్తాడు.

"చెప్పండి సార్," అన్నాడు.

అందులో వెటకారం లేదు. నన్ను ఏమని పిలవాలో నేనే నేర్పాను, అలాగే పిలిచాడు. కూర్చుకున్న మాటలకి బదులు నోటికి అలవాటైనదే బయటికి వచ్చింది.

"బూట్లు వేళ్ల దగ్గర పట్టెయ్యట్లేదు కదండి?"

"లేదండి. సరిపోయాయి."

రైలొస్తోందని మైకులో చెబుతున్నారు.

"ఇదడగడానికే చేశారాండి?" అన్నాడు.

రైలు ఆగింది. జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. నేను ఫోను చెవికి నొక్కి పట్టుకుని, ఆ సందడి తగ్గేదాకా ఆగాను. "కాదు బాబూ" అనేసరికి అవతల ఎవరూ లేరు.