మా ఇంటి తాళాలు తీపిచ్చిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా, నాకు నలుగుట్ల నిలబడి మాట్లాడుడు అలవాటు లేదు, అయినా ఇంత మేలు చేసిన దేవుని గురించి నోరు మూసుకొని కూసుంటే నా మనసు ఊకోదు, అందుకే లేసిన. నా పేరు శాంతమ్మ. మాది ఆదిలాబాద్ పట్నమే, జిన్నింగు మిల్లుల వెనుక గల్లీ. ఇయ్యాల మీ ముందట నవ్వుకుంట నిలబడ్డ గని, ఒకప్పుడు మా ఇంట్ల ఒకలినొకలు నమ్మని కాలం ఉండె. తిండికి లేకపోవుడు కన్న అది కష్టం, సహోదరులారా! ఆకలైతె చెప్పుకుంటం, ఇంట్ల మనిషే నిన్ను దొంగను చూసినట్టు చూస్తె ఎవలికి చెప్పుకుంటం?

మా ఆయన పోశెట్టి పత్తి మిల్లుల పనిచేసేది. పత్తి వచ్చే నెలల్ల చేతినిండ పని, వారం వారం కూలి. పత్తి అయిపోయిందంటె మిల్లు గేటు మూత, ఇగ ఎవలన్న పిలిస్తె కూలి, పిలువకపోతె లేదు. ఇంట్ల నేను, ఆయన, మా అత్త లచ్చవ్వ, మా బిడ్డ సుజాత. ఇల్లేమో మట్టిగోడలు, మా మామ కాలం నాటి గూనపెంకల కప్పు. పెంకలు పగిలిపోయినయి, వాసాలకు చెదలు పట్టింది, వాన వచ్చిందంటె గిన్నెలు, గంజులు, చెంబులు అన్నీ నేల మీద పరిచి నీళ్లు పట్టుడే మా పని. ప్రతి యేడు అనుకునుడు, ఈ పత్తి కాలంల పైస పైస కూడబెట్టాలె, ఎండకాలంల కప్పు దించి కొత్త వాసాలేసి బెంగుళూరు పెంకలు కప్పాలె అని.

ఇంటి ఖర్చు నా చేతిల ఉండె. ఆయన కూలి తెచ్చి నాకిస్తె, జొన్నలకింత, నూనెకింత, బిడ్డ బడికింత తీసి మిగిలింది కప్పుకని దాసేదాన్ని. ఎండకాలం నాటికి లెక్క చూస్తె వాసాలకు సుత సరిపోకపోయేది, వానకాలం నాటికి మిల్లు మూతపడి ఆ దాసిందే మా నోట్లకు పోయేది. ఇది ఎవ్వలో ఎత్తుకపోయింది కాదు, మా నలుగురం తిన్నదే! గని మా ఆయనకు సమజ్ కాలే. ఆయనది చెడ్డ గుణం కాదు, తాగుడు లేదు, తిరుగుడు లేదు. చిన్నప్పుడు వాళ్ల బాపు ఇల్లు బాగుచేసుకుందామని సొంత తమ్ముని దగ్గర పైసలు దాస్తె, ఆ తమ్ముడు "నాకెప్పుడిచ్చినవ్?" అన్నడట. ఆ మాట ఇనుకుంట పెరిగిన మనిషి, ఇగ ఎవ్వలిని నమ్ముతడు?

గా రోజుల్లనే నేను ప్రభువును తెలుసుకున్న. బిడ్డకు టైఫాయిడ్ జరమొచ్చి బతుకుతదో లేదో అన్నప్పుడు, నీళ్ల నల్ల కాడ పరిచయమైన మార్తమ్మక్క దవఖానకు తోడొచ్చి, మంచం పక్కన కూసోని కండ్లనీళ్లతోని ప్రార్థన చేసింది. బిడ్డ లేసి కూసున్నది. దేవునికే మహిమ! అప్పటిసంది నేను ఆదివారం ఆదివారం మందిరానికి పోయేదాన్ని. మా ఆయన వద్దనలే, సరే అనలే, ఊకె చూసుకుంట ఉండె.

మీకు ఎరుకే, మన ఆడోళ్లం వండేటప్పుడల్ల ఒక పిడికెడు బియ్యం దేవుని పేరు మీద పక్కకు తీసి ఆదివారం తెస్తం. అది మా అత్త కండ్లల్ల పడ్డది. ఒకనాడు కొడుకు కప్పు పైసలేవని లొల్లి పెడుతుంటె, ఆమె గడప కాడ కూసోని మెల్లగ అన్నది: "నన్నడుగుతవేంది కొడకా? నీ పెండ్లాం ఐతారం ఐతారం కొంగు కింద మూట పట్టుకపోతది. అది ఏడికి పోతదో ఆమెనే అడుగు."

ఆయన నన్ను అడుగలే. అడిగితె బాగుండు! ఆ ఆదివారం నా ఎనుకనే వచ్చి మందిరం మెట్ల కాడ నా కొంగు పట్టి గుంజిండు.

"ఆ మూటల ఏముంది?"

"బియ్యం."

"బియ్యం కింద?"

"బియ్యం కింద బియ్యమే ఉంటది."

నమ్మలే. మూట ఇప్పి మెట్ల మీదనే గుమ్మరిచ్చి, నోటు దొరుకుతదేమోనని వేళ్లతోని కెలికిండు. లోపలున్నోళ్లందరు బయటికొచ్చి చూస్తుండ్రు. నాకు భూమిల పోయి దాసుకుందామా అనిపిచ్చింది. మన యోహాను అయ్యగారు కిందికి దిగి, ఆ బియ్యం ఏరుకుంట, "పోశెట్టీ, ఎండల నిలబడ్డవ్, లోపలికి రా" అన్నడు. మా ఆయన, "నీ సంగతి సుత నాకెరుకే" అని ఎల్లిపోయిండు.

ఆనాటిసంది ఖర్చు ఆయన చేతికి పోయింది. ఎనుక అర్రల జొన్నల గోనె పెట్టి తాళమేసిండు. చక్కెర డబ్బకు తాళం, కప్పుకు దాసే పెట్టెకు తాళం, తాళపు చేతులన్నీ మొలతాడుకే. నూనె సీస మీద, దీపానికి పోసే గ్యాసునూనె సీస మీద బొగ్గుతోని గీత గీసి పనికి పోయేటోడు, సాయంత్రం వచ్చినంక కాళ్లు కడుగక ముందే సీస ఎత్తి ఎలుగుకు పట్టి చూసేటోడు. బిడ్డ ఆ చూపుకే నా ఎనుక దాసుకునేది. బడి నుంచి వచ్చి ఆకలైతుందని అనుడు సుత బంజేసింది.

మా అత్త మొదట సంబురపడ్డది. గని అనుమానం ఒక్క మనిషి కాడ ఆగుతదా సహోదరులారా? ఒకనాడు చక్కెర తక్కువైందని ఆమెనే అడిగిండు. తాళం నీ మొలకే ఉందికదరా అంటె, "మూత సందుల నుంచి తీయొచ్చు" అన్నడు. ఆ ముసలామె కొడుకు ముందట నోరు తెరిచి, "రా కొడకా, నా నాలిక మీద చక్కెర ఉందేమో చూడు, ఈ నోరు కట్టుకొనే నిన్ను సాదిన" అని బోరున ఏడ్సింది. పెండ్లయినసంది నేను ఆమె పక్కన కూసోని ఏడ్సుడు అదే మొదలు.

నా సంగతి సుత చెప్తె మీరు ఆశ్చర్యపోతరు. ఆ ఇంట్ల ఉండి ఉండి నాకు సుత ఆ గాలి తగిలింది. అయ్యగారు కానుక పెట్టె ఎత్తుకపోతుంటె, మేమిచ్చిన పిడికెళ్లు నిజంగ ఏడికి పోతున్నయో అని నా కన్ను సుత అటే పోయేది. మోకాళ్ల మీద పడి ఇట్ల ప్రార్థన చేసిన: "ప్రభువా, మా ఇంటి కప్పు సంగతి తర్వాత, ముందు మా కండ్లు బాగుచెయ్యి. ఆయన నన్ను నమ్ముతలేడు, నేను నీ సేవకున్ని నమ్ముతలేను, నిన్ను నమ్ముకుంటనే నిన్ను సుత అనుమానంగ చూస్తున్న. నువ్వే దిక్కు తండ్రీ!"

మిల్లు మూతపడ్డది. ఇగ ఆయన చేతుల ఖర్చు ఉన్నందుకు కప్పు పైసలు మిగులాలె కదా? మిగులలే! పెట్టెల చెయ్యి పెడుతుండు, తీస్తుండు, ఎవ్వలిని తిట్టాల్నో ఎరుకైతలేదు. కిరాణం సేటు తూకంల మోసం చేస్తుండన్నడు, పిండిగిర్ని వాడు పిండి దాసుకుంటుండన్నడు. జొన్నలు గోనె అడుగుకు వచ్చినయి. మా హాలత్ తెలిసి మార్తమ్మక్క బియ్యం మూట తెచ్చి గడపల పెట్టింది. మా ఆయన ఆ మూట దిక్కు చూసి, "ఊరికెనే ఎవ్వలియ్యరు, దీంట్ల ఏదో మతలబు ఉంది" అని ఆమె చేతికే తిరిగిచ్చిండు. పొయ్యి మీద గంజి నీళ్లు కాగుతున్నయి, బిడ్డ ఆ మూట దిక్కే చూస్తుంది.

అటెనుక పెద్ద వాన పట్టింది. పొద్దుగాల ఆయన పనికోసం మార్కెట్‌కు పోయిండు, పోయిన జరసేపటికే ఎనుక అర్ర మీది వాసం ఇరిగి పెంకలు ధనధన పడ్డయి. లోపల మాకున్న ఆఖరి జొన్నలు, బయట తాళం. నేను తలకాయ పట్టుకొని నిలబడ్డ. తాళం పగులగొడితె ఆయన నన్ను తల్లిగారింటికి ఎల్లగొడుతడు, కొట్టకపోతె గింజలన్నీ నానిపోతయి. అప్పుడు మా అత్త, సహోదరులారా, ఆ మా అత్తనే, రోకలి తెచ్చి తాళం మీద దెబ్బ మీద దెబ్బ ఏసి పగులగొట్టింది. "నా కొడుకు అడిగితె నా పేరు చెప్పు. నువ్వు పో, మీ ప్రార్థనోళ్లను పిలుసుకరా" అన్నది!

నేను ఆ వానల ఉరికిన. మార్తమ్మక్క చెప్పంగనే అయ్యగారు, మందిరంల ఇద్దరు అన్నలు నిచ్చెన, వెదురు బొంగులు, ఎవలిదో లారీ మీద కప్పే పాత తాడిపత్రి పట్ట పట్టుకొని వచ్చిండ్రు. ఇరిగిన వాసానికి బొంగులు కట్టి, పగిలిన పెంకలు దించి, బాగున్నయి మళ్ల పేరుస్తుండ్రు. సరిగ్గ అప్పుడే పని దొరుకక మా ఆయన తిరిగొచ్చిండు. చూస్తె ఏముంది, ఇంటి మీద పరాయి మనుషులు, కింద పెంకలు, పగిలిన తాళం! కట్టె పట్టుకొని, "దొంగలు! నా పెంకలు దించుకపోతుండ్రు!" అని గల్లీ అంత ఇనబడెటట్టు ఒర్రిండు.

కప్పు మీది నుంచి అయ్యగారు తొంగి చూసి, పంచె మోకాళ్లదాక బురద, చల్లగ అన్నడు: "పోశెట్టీ, నీ కాళ్ల కాడ ఒక మంచి పెంక ఉంది, జర అందియ్యవా? నా చెయ్యి అందుతలేదు."

మా ఆయన అందియ్యలే. లోపలికి పోయి, మేము ముందరింట్లకు మార్చిన జొన్నలను కుంచంతోని కొలిచిండు. గంత వానల, మీద మనుషులు పనిచేస్తుంటె, కూసోని కొలిచిండు! ఒక్క గింజ తక్కువ లేదు. పొద్దుగాల తాళమేసేటప్పుడు కొలిచినంతనే ఉన్నయి. కొలుసుడు అయినంక కుంచం పక్కకు పెట్టిండు. తర్వాత లేసి బయటికి పోయి, ఆ పెంక ఎత్తి అయ్యగారి చేతికి అందిచ్చిండు. తర్వాత ఇంకోటి. పని అయిపోయేదాక అందిచ్చుకుంటనే ఉన్నడు.

వాళ్లు కిందికి దిగంగనే "ఎంతియ్యాలె?" అని అడిగిండు, ఆ గొంతుల ఇంక అనుమానం ఉండె. అయ్యగారు, "చలి పెడుతుంది, చాయ తాపియ్యి" అన్నడు. ఆయన మొలతాడు నుంచి తాళపు చెయ్యి తీసి చక్కెర డబ్బ ఇప్పిండు. ఆ డబ్బకు మళ్ల తాళం పడలే. దేవునికే స్తోత్రం!

ఒక్కనాడే మారిపోయిండని నేను అబద్ధం చెప్ప. మందిరానికి వచ్చి ఎనుక కూసోని, కానుక బియ్యం ఎవలికి పోతున్నయో చూస్త అన్నడు. అయ్యగారు కోపం చేసుకోకుండ ఎంట తీసుకపోయిండు. మిషన్ల పడి చేతివేళ్లు పోగొట్టుకున్న మిల్లు మనిషి ఇంటికి, మొగడు చనిపోయిన ఒకామె ఇంటికి. ఆ పిల్లలు మూట ఇప్పుతుంటె చూసి వచ్చిన రోజు మా ఆయన అన్నం తినలే. ఆయన చెప్పింది ఇన్నంక నా కడుపుల ఉన్న అనుమానం సుత ఆ రోజే కరిగింది.

ఆ తర్వాత పత్తి కాలం నుంచి కూలి వచ్చిన రోజు చాప మీద పైసలు పోసి, మా అత్తను సుత కూసోబెట్టుకొని, ఇది జొన్నలకు, ఇది వానకాలానికి, ఇది కప్పుకు అని నలుగురం కలిసి తీసుడు మొదలుపెట్టినం. బిడ్డకు సుత లెక్క చెప్పేటోళ్లం. కప్పు ఒక్కసారి కాలే. ముందు ఎనుక అర్రకు వాసాలు, మరుసటేడు రేకులు, ఆ తర్వాత ముందరింటికి పెంకలు. ఆలస్యమైంది గని, మధ్యల ఒక్క లొల్లి కాలే! ఇంటికి కప్పు పడకముందే దేవుడు మమ్మల్ని ఒకలి మొకం ఒకలు చూసుకునేటట్టు చేసిండు.

ముందరింటి పెంకలు కప్పిన నాడు అయ్యగారిని పిలిచి ప్రార్థన పెట్టుకున్నం. అందరు చేసినంక మా ఆయన తనంతట తాను తల వంచిండు. ఎన్నడు నోరు తెరిచి ప్రార్థించని మనిషి, ఇంత మాటనే అన్నడు: "దేవుడా, నేను అందర్ని లెక్క అడిగినోణ్ణి. నువ్వు నన్ను లెక్క అడుగకు."

మేమందరం ఆమేన్ అన్నం, సహోదరులారా! మా అత్త కొంగుతోని కండ్లు అద్దుకుంట కొడుకు భుజం మీద చెయ్యేసింది.

నన్ను, నా ఇంటిని అట్ల ఇడిపిచ్చిన నా రక్షకునికి నేనేమిచ్చి రుణం తీర్చుకుంట? ఇక్కడ కూసున్న అక్కలల్ల, అన్నలల్ల ఎవలి ఇంట్లనన్న పైసల కాడ మాట పడిపోయి, అన్నం తినేటప్పుడు సుత ఒకలినొకలు ఓరగ చూసుకునుడు ఉంటె, ఫికర్ చెయ్యకుండ్రి, సిగ్గుపడకుండ్రి. మన ప్రభువు మీ గింజలు కొలిచేటోడు కాదు, మీ భారం ఎత్తుకునేటోడు. ఆయనను ఇంట్లకు పిలువుండ్రి, నమ్మి చూడుండ్రి. మమ్మల్ని నమ్మకున్నా సరే, ఆయనను నమ్ముండ్రి. సమస్త ఘనత, మహిమ ఆయనకే చెల్లును గాక, ఆమేన్!