సముద్రంలో దిగకూడని నెలల్లో

మా హుస్సేనీ ఆలం ఇంట్లో మేడమీద రెండు గదులు అద్దెకిచ్చేవాళ్లం. కింద మేం, వీధివైపు మా ఆయన ఎండుమిర్చి, చింతపండు కొట్టు. డెబ్బైల మొదట్లో ఆ గదుల్లో ఒక పోలీసు ఇన్‌స్పెక్టరు ఉండేవాడు. కోస్తా వైపు మనిషి. ఎక్కడైనా చావు మీద అనుమానమొస్తే ఆరా తీయడానికి ఏ జిల్లాకు పంపితే ఆ జిల్లాకు పోయేవాడు. నన్ను అక్కగారూ అనేవాడు, నేను తమ్మీ అనేదాన్ని.

ఆయన భార్య మా ఇంటి పిల్లలాగే తిరిగేది. నా కూర తిని కళ్లనీళ్లు పెట్టుకుని, "మీ కొట్టు సరుకంతా ఇందులోనే వేశారా అక్కగారూ" అని నవ్వేది. పెళ్లయిన చాలా ఏళ్లకు నెల తప్పింది. మావైపూ వాళ్లవైపూ ఒక పట్టింపు ఉంది. భార్య కడుపుతో ఉన్నప్పుడు మగవాడు సముద్రంలో మునగకూడదు, శవాన్ని మోయకూడదు, గడ్డం తీయించుకోకూడదు. "గడ్డం సంగతి దేవుడు చూసుకుంటాడులే, శవాలకు మాత్రం దూరంగా ఉండండి" అని ఆమె మొగుడి దగ్గర మాట తీసుకుంది.

ఎనిమిదో నెలలో మూసీ నిండుగా వచ్చింది. వంతెన కింద ముళ్లకంపలో ఒక ముసలమ్మ చిక్కుకుంది. గట్టు మీద జనం చూస్తూ నిలబడ్డారు. అటుగా పోతున్న ఈయన దిగి, భుజాన వేసుకుని గట్టుకు తెచ్చాడు. అప్పటికే ప్రాణం లేదు. మూడో నాటికే భార్య కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు. ఊరి నుంచి వచ్చిన ఆయన తల్లి మా వాకిట్లో అందరి ముందూ, "శవాన్ని మోసుకొచ్చి నా కోడలి మీద వేశావు కదరా" అంది. 

ఆ తరువాత కడుపుతో ఉన్న ఆడవాళ్ల ఎదుట పడడం మానేశాడు. మా తోడికోడలికి అప్పుడు నెలలు నిండుతున్నాయి. ఆమె నల్లా దగ్గర ఉంటే, లోపలికి వెళ్లేదాకా ఖాళీ బిందె పట్టుకుని మెట్ల మీదే నిలబడేవాడు. చూడలేక నేనే బిందె అందుకుని నింపి ఇచ్చేదాన్ని. భార్య పేరు కూడా ఎత్తేవాడు కాదు.

ఏడాది తిరగకముందే ఒక పొద్దున కిందికి వచ్చాడు.

"అక్కగారూ, నాతో జహనుమా దాకా రాగలరా? ఒక ఇంట్లోకి మీరు వెళ్లాలి."

"ఏంది తమ్మీ, పోలీసోనివి నువ్వా, నేనా?"

"ఆ ఇంట్లో పిల్లకి ఏడో నెల."

చీర మార్చుకుని బయల్దేరాను.

రిక్షాలో సంగతి చెప్పాడు. బందరు అవతల సముద్రపొడ్డు ఊళ్లో ఒకతను నీళ్లలో పోయాడు. పున్నమి స్నానానికి దిగితే కెరటం లాగేసిందని అతని అన్నా వదినా చెప్పి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవానికి ఆ రోజే దహనం కానిచ్చారు. భార్య పురిటికి జహనుమాలో పుట్టింటికి వచ్చి ఉంది. ఆమె తండ్రి ఇక్కడ ఆఫీసులో గుమాస్తా. అల్లుడి చావు నమ్మేలా లేదని పైవాళ్లకు అర్జీ పెట్టుకున్నాడు.

గల్లీ మొదట్లో వెల్డింగ్ కొట్టు రేకుల కింద ఆయన ఆగిపోయాడు. నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను. ఆ పిల్ల గోడకానుకుని కూర్చుని ఉంది. పుట్టింది అటు, పెరిగింది ఇక్కడ. మొఖం చూస్తే ఇరవై కూడా నిండలేదనిపించింది.

"నీ మొగుడు సముద్రస్నానం చేస్తుండెనా బిడ్డా?"

"గడ్డం కూడా తీయించుకోలేదు పిన్నిగారూ. పోయిన నెల వస్తే, ఫకీరు వేషం కట్టారా అని నవ్వాను. ఈ బిడ్డ బయటపడ్డాక మంగలాడికి పండగే అన్నారు. అంత పట్టింపు మనిషి స్నానానికి దిగాడంటే మీరు నమ్ముతారా?"

దాని చెయ్యి పట్టుకున్నాను.

"మా బావగారు వాళ్లే ఏదో చేసుండాలి. కాదంటే, నేనూ ఈ బిడ్డా ఆయనకు లెక్క లేకుండా పోయామనుకోవాలి. ఏదో ఒకటి తేల్చమనండి."

ఆ మాట ఉన్నదున్నట్టు వచ్చి చెప్పాను. ఆయన ఆ రాత్రే బందరు బండెక్కాడు.

వారం దాటాక వచ్చాడు. ముఖం ఎండకు నల్లబడింది. మెట్ల మీద కూర్చుని, నేనిచ్చిన చాయ్ చల్లారిపోతున్నా తాగకుండా చెప్పాడు. అన్నావదినా ఎన్నిసార్లడిగినా ఒకే కథ, అవే మాటల్లో చెప్పారట. చివరికి ఒడ్డున చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు నోరు విప్పారు. ఆ రోజు అన్నావదినలు స్నానానికి దిగారు. ఇతను చెప్పులు చేత్తో పట్టుకుని, తడి తగలనంత దూరంలో పొడి ఇసుక మీద కూర్చున్నాడు. అన్న కూతుర్ని కెరటం లాక్కుపోయింది. ఇతను బట్టలతోనే పరుగెత్తాడు. పిల్లను వల వేస్తున్న ఒక పల్లెకారు చేతికి అందించాడు, తరువాతి కెరటానికి అందకుండా పోయాడు. బాబాయిని మింగిన పిల్ల అని లోకం అంటుందని, ఆ అన్నావదినలు కూతురి ఊసే లేకుండా స్నానం కథ అల్లారు.

"జహనుమా పిల్లకు మీరే చెప్పాలి" అన్నాడు.

మళ్లీ జహనుమా వెళ్లాం. ఈసారి రేకుల కింద ఆగి, నేల చూస్తూ ఒక మాటన్నాడు. "చెప్పాక ఒకటి అడగండి. ఆయన మీద కోపంగా ఉందా అని. ఇది కాగితాల్లోకి ఎక్కదు."

చెప్పాను. విన్నంతసేపూ ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది. చివరికి, "ఆ చిన్నపిల్ల బాగుందా?" అంది. బాగుందన్నాక గాని ఏడవలేదు. వాళ్లమ్మ వీపు రాస్తూ తనూ ఏడ్చింది. కాస్త తెరిపిన పడ్డాక అడిగాను.

"బిడ్డా, మా ఇన్‌స్పెక్టరు అడగమన్నడు. నీ మొగుని మీద కోపమున్నదా?"

"ఇదేం పోలీసు ప్రశ్న పిన్నిగారూ?"

"పోలీసు ప్రశ్న కాదు. ఆయన పెండ్లాం గిట్లనే కడుపుతోనుండగ..." అని మూసీ సంగతి చెప్పబోతే వాళ్లమ్మ నా చెయ్యి నొక్కింది, ఈ నెలల్లో ఆ మాటలు దాని చెవిన వేయొద్దని. పిల్ల వినిపించుకోలేదు. మొత్తం చెప్పించుకుంది.

"ఆయనెక్కడున్నారు?"

"గల్లీ మొదట్ల నిలబడ్డడు. రాడు."

"రమ్మనండి."

"వద్దే తల్లీ, కీడు" అంది వాళ్లమ్మ.

"నా మొగుడు నీళ్లలో దిగితే తప్పు కాదంటున్నారు. ఈయన గుమ్మంలోకొస్తే తప్పవుద్దా అమ్మా?"

నేను వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేశాను. వచ్చాడు. చెప్పులు దూరంగా విడిచి, గుమ్మం ఇవతలే ఆగాడు. తల ఎత్తలేదు.

"కోపముందండీ" అంది ఆ పిల్ల. "చాలా ఉంది. ఎదురుగా ఉంటే చొక్కా పట్టుకుని అడిగేదాన్ని. ఇది తగ్గదు. కానీ ఆ పిల్లని వదిలేసి ఇంటికొచ్చుంటే ఆయన పక్కన కూర్చుని అన్నం తినగలిగేదాన్ని కాదు."

"మీ ఆయన పిల్లని బతికించాడమ్మా. నేను మోసింది శవాన్ని."

"దిగేటప్పుడు తెలుసా, శవమని?"

"తెలీదు" అన్నాడు. అనేసి గుమ్మం పక్కన నేల మీద కూలబడ్డాడు. మగవాడు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. వాళ్లమ్మ నీళ్లు తెచ్చి, ఒక క్షణం ఆగి, తన చేత్తోనే ఇచ్చింది. ఆ పిల్ల కళ్లు మూసుకుని కడుపు మీద చెయ్యి వేసుకుంది. ఆ ఇంట్లో ఎవరి ఏడుపు వాళ్లది.

బయటికొచ్చాక నడక మొదలుపెట్టాం. కొంత దూరం పోయాక ఆయన భార్య పేరు పలికాడు. ఊరికే, పక్కన ఉన్న మనిషిని పిలిచినట్టు.

"మూసీ రోజు నుంచి రెండు రోజులు నాతో మాట్లాడలేదక్కగారూ. అన్నం మాత్రం వేడిగానే పెట్టింది. మాట్లాడేలోపే నొప్పులొచ్చాయి."

"ఆమె కోపం నాకెరుకే తమ్మీ. నా దగ్గర మస్తు తిట్టింది నిన్ను. తిట్టుకుంటనే నీ తడి బట్టలు పిండి ఆరేసింది."

"ఏమని తిట్టింది?"

నాకు గుర్తున్నవన్నీ చెప్పాను. ఒక్కోదానికి ఆగి, మళ్లీ చెప్పమనేవాడు. ఒక రిక్షావాడు పక్కన నెమ్మదిగా వస్తూ, "చల్తే క్యా అమ్మా?" అని అడిగాడు. వద్దని చెయ్యి ఊపాను. ఆయన అడుగుతూనే ఉన్నాడు, నేను చెబుతూనే ఉన్నాను. హుస్సేనీ ఆలం దాకా నడిచే వచ్చాం.