వాగు మావయ్యకు రెండు బిందెలు

మొన్న మంగళవారం తెల్లారేసరికి మా పక్కింటి మావయ్య పోయారు. నిద్రలోనే. అత్తయ్య మా గుమ్మంలోకి వచ్చి, "మీ మావయ్య పోనారమ్మా. తానం సేయించాల. రెండు బిందెల నీలు ఒదులు" అంది. వీధి వాల్వు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఆ రోజు మా వంతు కాదు, తోటల వంతు.

మా తెలుగువాళ్లు పని కోసం వచ్చి స్థిరపడ్డ ఈ హథ్‌ఖోజ్‌లో వర్క్‌షాపు షెడ్లకూ, వాటి వెనకున్న మా వీధికీ, పైనున్న కూరగాయల తోటలకూ దిక్కు ఒక్క వాగే. ఒకప్పుడు హోలీ దాటితే అది ఎండేది, మనుషులు తలలు పగలగొట్టుకునేవారు. ఉక్కు ప్లాంటు పంప్ హౌస్‌లో పనిచేసి రిటైరైన మావయ్య తన అరుగు గోడ మీద సుద్దతో వాగునంతా గీశారు. వాన ఎక్కడ పడి ఎటు జారిపోతోందో అందరికీ చూపించి, పై వాలులో గట్లు కట్టించారు. ముడులు వేసిన తాడు వాగు పక్క బావుల్లోకి దించి, ఎన్ని ముడులు తడిశాయో చూసి ఎవరికెన్ని గంటలో తేల్చేవారు. వంతు తప్పి వాల్వు తిప్పాలంటే తోటలు, షెడ్లు, వీధి, ముగ్గురూ సరేననాలి. "వాన ఎవలికీ సుట్టం కాదు" అనేవారు. ఇవాళ మే నెలలోనూ నీళ్లు తాగుతున్నామంటే ఆయన చలవే. కాదన్నవాడి కళ్లు పోతాయి.

అలాగని ఆయన దయగలవారని నాచేత అనిపించకండి. మూడేళ్ల కిందట మా అమ్మ పోయిన రోజు కూడా మా వంతు కాదు. తోటలవాళ్లు, షెడ్లవాళ్లు సరేనన్నారు. వీధి తరఫున మాట అప్పుడు ఆయనది. "సావుకి బిందె ఇత్తే పెల్లికి పది ఇవ్వాల. రేపు తోటలోలకి ఏటి సెప్తావు?" అన్నారు. అమ్మను తడిగుడ్డతో తుడిచి పంపాం. పదో రోజున ఆయనే వచ్చి తాళంచెవి, దాంతోపాటు వీధి మాటా నా చేతిలో పెట్టారు. "ఇకమీదట నీకు జాలుండదు. నువ్వే ఉంచాల" అన్నారు.

మంగళవారం అత్తయ్యను కూర్చోబెట్టి ఫోన్లు చేశాను. షెడ్ల సూపర్‌వైజరు ఒప్పుకున్నాడు. తోటల పెద్ద ఒప్పుకోడనుకున్నాను. నిరుడు అతను అరగంట ఎక్కువ అడిగితే మావయ్య తాడు చూసి ఇవ్వలేదు, టమాటా నారంతా మాడిపోయింది. అతను మాత్రం "లే లో దీదీ. పానీ తో ఉన్హీ కా హై" అన్నాడు. తీసుకోమన్నాడు, ఆ నీళ్లు ఆయనవేనట.

ఇక మిగిలింది వీధి మాట, అంటే నాది. అత్తయ్య నా మొహంలోకే చూస్తోంది.

"తడిగుడ్డతో తుడవండి అత్తయ్యా" అన్నాను.

ఆమె లేచి వెళ్లింది. ఆయన పెట్టిన నియమమే కాపాడానని వీధిలో అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. పగ తీర్చుకున్నాను.

కాసేపటికి నేనూ వెళ్లాను. ముందురోజు సాయంత్రం ఆయన తాడు పట్టుకుని వాగు వెంట తిరిగి వచ్చి, ఇంట్లో ఉన్న నీళ్లు వంటకే సరిపోతాయని కాళ్లు కడుక్కోకుండా పడుకున్నారట. అత్తయ్య చెంగు తడిపి అరికాళ్లు రుద్దుతోంది. వేళ్ల సందుల్లో బురద ఎండి బిగుసుకుపోయింది. ఎంత రుద్దినా వదల్లేదు. అలాగే తీసుకెళ్లారు.