కూర్చున్న కొలత

నా చిన్నప్పుడు మా నాయనమ్మ మా పాదాలను ఆస్తిలాగా చూసుకునేది. వేళ్ల దగ్గర వెడల్పు, మధ్యలో ఎత్తైన వంపు, బొటనవేలి మొదట్లో బయటికి పొడుచుకొచ్చిన ఎముక, కుడికాలి కంటే కాస్త పొడవైన ఎడమకాలు. మా తాతవి ఇవే పాదాలు, మా నాయనవీ ఇవే, నావీ ఇవే. భూములు పోయి, మేడ పోయి, పటాన్‌చెరులో రెండు గదుల కిరాయి ఇంట్లోకి వచ్చాక, పాదాలను మాత్రం ఎవరూ రాయించుకోలేకపోయారని ఆమె అనేది. మాది చితికిపోయిన కుటుంబమని ఎవరైనా అంటే నేను ఇప్పటికీ ఆపి సరిదిద్దుతాను. చితికింది ఆస్తి, కుటుంబం కాదు.

ఊళ్లో ఉన్న రోజుల్లో చెప్పులు కుట్టే మనిషి మా ఇంటికే వచ్చేవాడట. తాత కుర్చీలో కూర్చుని పీట మీద కాలు పెడితే అతను కింద కూర్చుని దారంతో కొలుచుకునేవాడు. కొలత ఇవ్వడానికి మా ఇంట్లో ఎవరూ లేచి నిలబడింది లేదు. మా ముందు నిలబడటం వచ్చినవాళ్ల పని. ఆ చెప్పులు కరిచేవో లేదో తెలియదు. తాత నడిచేది వాకిలి దాకానే, అక్కడ బండి సిద్ధంగా ఉండేది.

నాయనకు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికినప్పుడు సూపర్‌వైజరు పని అని, బల్లా కుర్చీ ఇచ్చారని నాయనమ్మకు చెప్పాడు. ఆమె ఆ మాటను వీధంతా చెప్పింది. కానీ ఆ ఫ్యాక్టరీలో లోపలికి అడుగుపెట్టే ప్రతి మనిషికీ ముందు భాగంలో ఇనుప రేకు ఉన్న సేఫ్టీ బూట్లు తప్పనిసరి. నాయన వారం రోజులు వేసుకున్నాడు. సాయంత్రం మేజోళ్లు విప్పితే రక్తం ఎండి చర్మానికి అతుక్కుని ఉండేది. ఆ తర్వాత మూడు రోజులు దొంగచాటుగా చెప్పులతో వెళ్లి, నాలుగో రోజు గేటు దగ్గర దొరికిపోయాడు. ఇంకా ట్రయల్‌లో ఉన్న ఉద్యోగం. సోమవారం బూట్లు లేకుండా కనబడితే మళ్లీ రానక్కర్లేదన్నారు.

శనివారం బజారంతా తిరిగాడు. పెద్ద సైజు తీసుకుంటే మడమ జారిపోయేది, సరిపోయే సైజు తీసుకుంటే ఎముక నలిగిపోయేది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఒక చోట కుదురుగా లేరు. వేరే ప్లాంటులో పనిచేసే మా పక్కింటి గుంటూరు మామయ్య గడపలో నిలబడి, "ఎన్ని బూట్లు మార్చినా ఇంతేనండీ. కాలు చూసే మనిషి కావాలి. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ఒక ముసలాయన ఉన్నాడు, మా వాళ్లు సగం మంది ఆయన దగ్గరికే పోతారు. కాకపోతే కాస్త నోరు దురుసు," అన్నాడు. దురుసు అన్న మాట వినగానే నాయనమ్మ నన్ను తోడు పంపాలని నిర్ణయించింది. ఎవరైనా మీ నాయనను మాట అంటే నువ్వు అడ్డుపడాలని నాకు చెప్పింది. నాకు అప్పుడు పదేళ్లు.

ఆదివారం పొద్దున్నే ఫ్యాక్టరీ బూట్లు సంచిలో వేసుకుని బస్సెక్కాం. రేకుల కింద చిన్న దుకాణం, గోడ నిండా వేలాడుతున్న బూట్లు. బయట ఫ్యాక్టరీ మనుషుల వరస. నాయన నేరుగా ముందుకు వెళ్లబోతే ఒక వెల్డరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"లైన్ల రా అన్నా. ఈడ అందరి కాళ్లు నొస్తున్నయి."

నేను అడ్డుపడాల్సిన సమయం ఇదేననుకున్నాను గానీ, అంతలోనే నాయన వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఆ వెల్డరు తన వంతు వచ్చినప్పుడు, "చాచా, నా ఎడమ బూటు అత్తగారింటి లెక్కున్నది. పోవుడు అల్కగనే, బయటికి వచ్చుడే కష్టం," అన్నాడు. వరసంతా నవ్వింది. ముసలాయన నవ్వకుండా, "అత్తనే మంచిది. నువ్వు బూటుకు నూనెనన్న పెడుతున్నవా?" అన్నాడు.

మా వంతు వచ్చింది. చాచా నాయన పాదాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎముక మీది పుండును, మడమ పగుళ్లను, ఉబ్బిన చీలమండను వేళ్లతో తడిమాడు.

"పనేంది సాబ్?"

"సూపర్‌వైజర్."

"కుర్చీ పనా, నిలబడే పనా?"

నాయన నా వైపు చూశాడు. "కుర్చీ," అన్నాడు.

చాచా మళ్లీ ఒకసారి ఆ చీలమండను చూసి, "అచ్ఛా. అయితే కూసోండి, కూసున్న కొలతనే తీస్త," అన్నాడు. స్టూలు వేశాడు, కాగితం మీద పాదం చుట్టూ పెన్సిలుతో గీశాడు. బూటు తోలును తడిపి లోపల చెక్క పాదం దిగ్గొట్టాడు. అది సాగేదాకా రెండు గంటలు ఆగమన్నాడు. నాయన ఆ రెండు గంటలూ రోడ్డుకీ దుకాణానికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. నేను ఆయన వెనకాల తిరుగుతూనే ఉన్నాను.

తర్వాత స్టూలు మీద కూర్చోబెట్టి తొడిగాడు. బాగున్నాయా అని అడిగితే నాయన బాగున్నాయన్నాడు.

"ఇగ పోండి. కుర్చీల కూసున్నంత సేపు ఏం కాదు. లేస్తే మాత్రం నా జిమ్మా కాదు."

బస్టాపు దాకా నాయన ఆ బూట్లతోనే నడిచాడు. సగం దూరం నుంచే కుంటడం మొదలైంది. పటాన్‌చెరు బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఇంకోటి వచ్చింది, అదీ వదిలేశాడు. ఎందుకు ఎక్కడం లేదని నేను అడిగితే నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు వేశాడు. ఆయన మొహం చూస్తే నాకు భయమేసింది. చివరికి నా చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించాడు.

ఈసారి వరస చివర్లో తనంతట తానే నిలబడ్డాడు. వంతు వచ్చాక, గొంతు తగ్గించకుండా చెప్పాడు.

"నాది నిలబడే పని. మిషన్ ముందర. ఎనిమిది గంటలు."

కుర్చీ లేదని నాకు అప్పుడే తెలిసింది. ఎవరైనా నవ్వుతారని చుట్టూ చూశాను. ఎవరూ నవ్వలేదు. వాళ్లందరిదీ అదే పని.

"గిది ముందుగాల చెప్తే ఏమైతుండె సాబ్, ఎండల తిరుగుడన్న తప్పుతుండె," అన్నాడు చాచా. ఆయనకు మొదటే తెలుసని, మనిషి తనంతట తాను చెప్పేదాకా ఆగాడని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

ఇందాకటి కాగితాన్నే కింద పరిచాడు. నాయన లేచి, దాని మీద నిలబడ్డాడు. చాచా కింద కూర్చుని ఉన్నాడు, మా నాయన ఆయన ముందు వట్టి కాళ్లతో నిలబడి ఉన్నాడు. మా ఇంటి లెక్కలో అది తలకిందులైన దృశ్యం. నాయన తూలి నా భుజం పట్టుకున్నాడు.

"చెయ్యి తియ్యి సాబ్. బరువంత కాలు మీదనే పడాలె."

నాయన చెయ్యి తీశాడు. పెన్సిలు తిరిగింది. కాలు ఎత్తాక చూస్తే కాగితం మీద రెండు గీతలు, వాటి మధ్య నా చిటికెన వేలంత సందు. నిలబడితే పాదం అంత పరుచుకుంటుందని, అప్పుడు ఎముక సరిగ్గా ఇనుప రేకు అంచు మీదికి వస్తుందని చాచా నాకు వేలితో చూపించాడు. అప్పుడు అసలు పని మొదలుపెట్టాడు. రేకు వెనక తోలును ఎముక ఆకారంలో బయటికి సాగదీశాడు. లోపలి అట్టను పలచగా చెక్కాడు. పొట్టి కాలి మడమ కింద మెత్త పెట్టాడు. పొద్దుగూకే వేళకు నాయన ఆ బూట్లతో బస్టాపు దాకా వెళ్లి, కుంటకుండా తిరిగొచ్చాడు.

ఇంటికి రాగానే నాయనమ్మ, వాళ్లు మర్యాదగా కూర్చోబెట్టారా అని నన్ను అడిగింది. నేను నోరు తెరిచేలోపే నాయన, "అమ్మా, నాకు ఫ్యాక్టరీల కుర్చీ లేదే," అన్నాడు. ఆమె ఆ పూట అన్నం ముట్టలేదు. సోమవారం నాయన గేటు దాటి లోపలికి వెళ్లాడు. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చేసరికి ఆమె గడప దగ్గర వేడినీళ్లలో ఉప్పు వేసి పెట్టింది. వీధిలో మాత్రం ఆమె చనిపోయేదాకా సూపర్‌వైజరనే చెప్పింది. మేమూ అడ్డు చెప్పలేదు.

ఇప్పుడు నాకు మోకాళ్లు అరిగాయి. ఎంత దూరం నడవగలరని డాక్టరు అడిగితే ముందు గొప్పగానే చెప్తాను, మా ఇంటి అలవాటు అంత తొందరగా పోదు. లేచి తలుపు దాకా వెళ్లాక కాలు ఆగిపోతుంది. బయట కాసేపు అటూ ఇటూ తిరిగి, మళ్లీ లోపలికి వెళ్లి, నిలబడే ఉండి నిజం చెప్తాను. వెనక్కి వెళ్లే ఆ నాలుగడుగులు ఇన్నేళ్లయినా నాకు తేలిక కాలేదు. అయినా వేస్తాను.