కాలవ అవతల రెండు దీపాలు

ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఒక సాయంత్రం, నిడదవోలు దగ్గర మా ఊరి కాలవ గట్టు మీద నిలబడి, నేను చదువుకున్న ఫిజిక్సు పుస్తకాలన్నీ తప్పని నమ్మాను. నమ్మి సంతోషించాను కూడా.

మా పెదనాన్న రిటైరైన సైన్సు మాస్టారు. వెలుగు వేగం ఎప్పుడూ ఒక్కటేనన్న మాట మీద ఆయనకు మొదటినుంచీ అనుమానం. బలమైన వెలుగు త్వరగా, బలం లేనిది నెమ్మదిగా నడుస్తుందని ఆయన వాదం.

"కాలవ నిండుగా వదిలిన రోజు నీళ్ళు శివారుకి ఎంత తొందరగా వస్తాయి? గుర్రపుడెక్క పట్టినచోట ఎలా ఈడుస్తాయి? శక్తిని బట్టే నడక. వెలుగొక్కదానికే వేరే రూలేంటమ్మా?"

మా చేను కాలవ శివారునే ఉంది. నీళ్ళ కోసం ఎదురుచూసి పెరిగినదాన్ని, ఆ మాట కొట్టిపారెయ్యలేకపోయాను.

శనివారం చర్చి హాల్లో రిటైర్డు టీచర్ల సమావేశం. అక్కడ ఈ సిద్ధాంతం చదువుతానని ఆయన అందరికీ చెప్పేశారు. దానికి సాక్ష్యం కావాలి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆయనకు తన కళ్ళ మీద నమ్మకం తగ్గింది కనుక, సాక్ష్యానికి కళ్ళు నావి.

అవతలి గట్టున మా మోటారు షెడ్డుకు ఒకే రకం ఎల్‌ఈడీ బల్బులు రెండు కట్టారు. ఒకదానికి కాగితం చుట్టారు. కాగితం దాని శక్తి తినేస్తుందట. మునిమాపు వేళ నేను ఇవతల నిలబడ్డాను. ఆయన అవతలినుంచి ఫోన్లో "ఇదిగో" అని స్విచ్ వేశారు.

కాగితం లేనిది ముందు వెలిగింది. రెప్పపాటు కూడా కాదు, కానీ ముందే.

మొదట ఆయన్నే అనుమానించాను. వంతెన దాటి వెళ్ళి చూస్తే రెండు దీపాలకూ స్విచ్ ఒకటే. తరువాత బల్బుల్ని అనుమానించి, కాగితం రెండోదానికి చుట్టించాను. ఈసారీ కాగితం లేనిదే ముందు. పుస్తకాలన్నీ తప్పేనని నవ్వుకుంటూ ఇంటికి నడిచాను.

మర్నాడు ఎండలోంచి ధాన్యం గదిలోకి వెళ్ళాను. కాసేపు ఏమీ కనిపించలేదు. తరువాత బస్తాలు ఒక్కొక్కటే తేలాయి. అక్కడే ఆగిపోయాను. వెలుగు ఒక్క సెకనులో భూమిని ఏడుసార్లు చుట్టి వస్తుందంటారు. మా కాలవ వెడల్పు దానికొక లెక్కా? అందులో తేడా ఉన్నా నా కంటికి అందుతుందా? ఇక అనుమానించడానికి మిగిలింది నా కన్నే.

ఆ సాయంత్రం పెదనాన్నకు ఆపరేషనప్పుడిచ్చిన నల్ల కళ్ళజోడు పట్టుకెళ్ళాను.

"పెదనాన్నా, ఒక్కసారి కాగితం తీసెయ్యండి."

"తీసేస్తే ఇంకేముంటుందే, రెండూ ఒకటే కదా?"

"ఒక్కసారండి."

తీశారు. ఒక నల్లద్దాన్ని ఎడమ దీపానికి మాత్రమే అడ్డం వచ్చేలా కంటి ముందు పట్టుకున్నాను. స్విచ్ పడింది. ఎడమది వెనకబడింది. అద్దం కుడిదానికి మార్చాను. కుడిది వెనకబడింది. రెండు వెలుగులూ కాలవను సమానంగానే దాటి నా ముక్కు దాకా వచ్చాయి. ఆలస్యం ఆ తరువాతిదే. మసకగా ఉన్నదాన్ని నా కన్ను నెమ్మదిగా అందుకుంటోంది.

"ఏమైంది? ఏది ముందు?" అన్నారు ఫోన్లో.

ఏది ముందో చెప్పకుండా, "మీరు ఇటు రండి" అన్నాను.

స్విచ్ దగ్గర పెద్దమ్మను నిలబెట్టి ఆయన వంతెన దాటి వచ్చారు. "చుట్టాలకి విడిదిల్లు అనుకుంటారండీ ఈ లైట్లు చూసి" అని ఆవిడ అవతలినుంచి అరుస్తూనే ఉంది. ఆయన అద్దం అటూ ఇటూ మార్చి చాలాసార్లు చూశారు. తరువాత నావైపు తిరిగారు, హోంవర్కులో కాపీ పట్టుకున్న మాస్టారులా.

"ఈ కిటుకు నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి."

"ఆ సమావేశంవాళ్ళెవరైనా ఫోన్ చేశారా?"

"లేదు పెదనాన్నా."

నమ్మినట్టు లేరు. నీళ్ళలో వణుకుతున్న రెండు దీపాలనూ చూస్తూ నిలబడ్డారు. కళ్ళజోడు మడిచి తన జేబులో పెట్టుకోబోయి, ఆగి, నా చేతిలో పెట్టారు.

"శనివారం నేను చదవను. నువ్వే వచ్చి చూపించు. నోరు పెగలకపోతే అద్దం వాళ్ళ చేతికియ్యి, వాళ్ళే చూసుకుంటారు."